పోయొస్తనన్న మాట

నందికొండలో, సాగర్ నీళ్ల ఒడ్డున ఒక పెద్ద హోటల్ ఉంది. పేరు చెప్పను. గదుల దగ్గర నుంచి సదస్సులు జరిగే హాలుదాకా నీళ్ల వెంట నడక దారి వేశారు. దీపాలు, పచ్చగడ్డి, కూర్చోడానికి బెంచీలు... అన్నీ ఉన్నాయి. నడిచేవాళ్లే లేరు. పొద్దుగూకిందంటే కూరగాయల ఆటో కూడా చుట్టూ తిరిగి రోడ్డు మీద నుంచే పోతుంది.

నాకీ సంగతి చెప్పింది శ్రీవాణి. మోత్కూర్ పిల్ల, మాకు దూరపు చుట్టం. అబద్ధమాడే రకం కాదు, ఆడినా ఆమెకు అతకదు. ఎముకల డాక్టర్ల సదస్సుకు వచ్చే అతిథుల కోసం హోటల్ గురించి, ఊరి గురించి చిన్న పుస్తకం రాయమని ఆమెను పిలిపించుకున్నారు. డ్యామ్ ఏ వేళ చూస్తే బాగుంటుంది, నాగార్జునకొండకు లాంచీ ఎక్కడెక్కాలి, చేపల పులుసు ఎక్కడ తినాలి... అన్నీ ముచ్చటగా రాసుకుంది. నడక దారి సంగతి రాయబోతుంటే, దుప్పట్లు ఉతికే నాగులమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

“ఆ తొవ్వ రాయకు బిడ్డా... ఆడ బక్కవ్వ ఉన్నది.”

బక్కవ్వంటే బక్కమ్మ, గొర్లు కాసుకునే ముసలామె. ఒంటరి మనిషి. హోటల్ కంచె పడ్డాక గొర్ల మంద కృష్ణా నది నీళ్ల దగ్గరికి పోలేకపోయింది. ఆమె జాగాలో ఉన్న బావే గొర్లకు దిక్కయింది. జాగా అమ్మమని హోటల్ యజమాని రఘుపతి ఎంత తిరిగినా ఆమె అమ్మలేదు. నడి ఎండాకాలం జ్వరమొచ్చి ఆమె దవాఖానలో పడి ఉంటే, ఆ రాత్రికి రాత్రే జేసీబీ పెట్టించి బావి పూడ్పించాడు. ఆమె తిరిగొచ్చేసరికి దొడ్లో మందకు మంద నాలుకలు బయటపెట్టి చచ్చి ఉంది. బావి పూడ్చిన ఆ మట్టి మీదే కూలబడ్డ బక్కమ్మ మళ్లీ లేవలేదు. ఊరివాళ్లు అక్కడే బొంద పెట్టారు. ఆ బొంద మీద రంగురాళ్లు పరిపించి దారి వేసిన మహానుభావుడు కూడా ఆ రఘుపతే. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

శ్రీవాణి ఆ దారిని పుస్తకంలో రాయలేదు. తెల్లారితే సదస్సు. రఘుపతి కాగితాలు తిరగేసి కస్సుమన్నాడు.

“ఏందమ్మా, సదువుకున్నదానివి... నువ్వు గూడ దయ్యాలంటవా? గీ సదస్సు చెడితే మల్ల నా హోటల్‌కు ఎవడొస్తడు? నడువు, సూపిస్త.”

అప్పుడే దీపాలు వెలిగాయి. ఇద్దరూ నడిచారు. సగం దూరం బాగానే ఉంది... ఆయన గాలి గురించి, నీళ్ల గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి గొర్ల వాసన కొట్టింది. చుట్టుపక్కల ఒక్క గొర్రె లేదు.

రాళ్ల సందుల్లో నుంచి... కాళ్ల కింది నుంచి... సన్నగా వినిపించింది.

“నీళ్లున్నయా... బిడ్డా?”

శ్రీవాణి రఘుపతి చొక్కా చెయ్యి పట్టి లాగింది. “సార్... పోదాం... వెనక్కి చూడకుండ్రి...”

ఆయన కదిలాడు. కదులుతూ, భయంతో ఎండిపోయిన నోటితో, అలవాటు కొద్దీ అనేశాడు—

“పోయొస్త అవ్వా.”

మన దగ్గర పెద్దవాళ్ల ముందు నుంచి లేస్తూ ‘పోత’ అంటే ఎంత తప్పో అందరికీ తెలుసు. ‘పోయొస్త’ అనాలి. కానీ బొంద దగ్గర ఆ మాట అనరు. మట్టి వేశాక మారు మాట్లాడకుండా మళ్లి రావాలి. రఘుపతికి తెలియకా? పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు, నోరు జారింది.

కింది నుంచి జవాబొచ్చింది. “మంచిది... ఎదురుచూస్త.”

రాత్రి భోజనాల దగ్గర డాక్టర్లంతా నవ్వుకుంటూ తింటున్నారు. రఘుపతి మాత్రం అన్నం కలిపి ముద్ద ఎత్తలేదు. జగ్గులకు జగ్గులు నీళ్లు తాగుతూనే ఉన్నాడు. చివరికి ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

“ఎటు సార్?” శ్రీవాణి తలుపుకు అడ్డం నిలబడింది.

“అవ్వకు మాటిచ్చిన గదా... ఎదురుచూస్తాంది.”

ఆమెను పక్కకు జరిపి వెళ్లిపోయాడు. బలంగా కాదట, చాలా మెల్లగా.

టార్చీలు పట్టుకుని మనుషులు రాత్రంతా వెతికారు. దారి మీద, గడ్డిలో, నీళ్ల అంచున ఎక్కడా లేడు. తెల్లవారాక చూస్తే, వాళ్లు పదే పదే తొక్కి తిరిగిన ఆ బొంద మీదే బోర్లా పడి ఉన్నాడు. నోటి నిండా మట్టి. పెదాలు పగిలి బీటలు వారాయి. కొన ఊపిరి మాత్రం ఉంది. డాక్టర్లంతా ఉరికొచ్చారు. ఒకాయన కనురెప్ప ఎత్తి చూసి, చర్మం పట్టి చూసి, “ఈయన రోజుల తరబడి చుక్క నీళ్లు ముట్టినట్టు లేడే!” అన్నాడు. రాత్రి ఆయన పక్కనే కూర్చుని తిన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెలైన్ పెడదామంటే నరం దొరకలేదు. అంతమంది డాక్టర్లు, ఎదురుగా నిండు కృష్ణ... మనిషి పొద్దెక్కకముందే పోయాడు. పాపం అనమంటారా? నేనైతే అనను.

ఆయన ప్రాణం పోయే ముందు శ్రీవాణి గ్లాసుతో నీళ్లు తెచ్చి నోటికి ఆనించింది. ఆయన గ్లాసు పక్కకు తోసి, కళ్లు తెరిచి ఆమెను చూశాడు. వచ్చిన గొంతు రఘుపతిది కాదు. ముసలామెది.

“ముందు నా గొర్లు తాగినయా... బిడ్డా?”