తేలు కుట్టిన గుండె

ఇద్దరు మంత్రుల మధ్య నిలబడి ఒకరి మాట ఇంకొకరికి అందిస్తున్న దుబాసీ సగం వాక్యంలో ఛాతీ పట్టుకుని కుప్పకూలాడు. డాక్టర్లు గుండెపోటన్నారు. ఆ పొద్దునే అతనితో చెడామడా గొడవపడ్డ భార్య అందరికంటే ముందు నమ్మి, మంచం పట్టింది.

నమ్మనిది ఇద్దరే. ఒకరు సీక్రెట్ సర్వీస్ చీఫ్. రెండోవాడు దుబాసీకి చిన్నప్పటి స్నేహితుడైన ఏజెంట్.

"విదేశీ ముఠా ఒకటి తేలు విషాన్ని శుద్ధిచేసి వాడుతోంది," అన్నాడు చీఫ్ బ్రీఫింగులో. "సాక్ష్యం ఉంటే అవయవాల్లోనే ఉండాలి. రీసెర్చ్ ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరు. పోస్ట్‌మార్టం ముక్కలు నీకే వస్తాయి. అక్కడి డాక్టర్ మన డబుల్ ఏజెంట్. దుబాసీ భార్య కూడా అక్కడే పై వార్డులో ఉంది. ఈమధ్య దుబాసీని కలిసిన ముఠా వాళ్ల పేర్లు ఆవిడకి తెలుసు. తేరుకోగానే వాంగ్మూలం తీసుకుంటాం."

ఏజెంట్‌కి మీసం అతికించారు, వాచీలో ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అవయవాల ముక్కల్ని ఉల్లిపొరకన్నా పల్చగా కోసి గాజు స్లైడ్ల మీద రంగులెయ్యడం మాత్రం ల్యాబ్‌లోని ముసలి టెక్నీషియన్ నేర్పాడు, మూడు వారాలపాటు, తిట్లతో సహా.

వాంగ్మూలం రోజు రానే వచ్చింది. పదకొండున్నరకు డాక్టర్ ల్యాబ్‌లోకి వచ్చింది. తెల్లకోటులో కూడా సినిమా తారలా ఉంటుందామె.

"ఇవిగో, పోల్చి చూడ్డానికి తేలు విషమెక్కించిన కుందేళ్ల స్లైడ్లు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, అంటే విషం అవయవాల్ని పాడుచెయ్యదు. మీవాడిది మామూలు గుండెజబ్బే," అంది. "పన్నెండుకి పై వార్డులో మీవాడి భార్యకి ఇంజెక్షన్ ఉంది. నేనే వెళ్తాను."

ఆమె వెళ్లాక అతను మైక్రోస్కోప్ మీదికి వంగాడు. కుందేలు గుండె పోగులు దువ్వినట్టు వరసగా ఉన్నాయి. కాలేయం నిక్షేపంలా ఉంది. మరి స్నేహితుడి స్లైడ్లో? గుండె పోగులు తెగిపోయాయి, ఊపిరితిత్తుల్లో నీరు నిండింది, కాలేయ కణాలు ఉబ్బి బుడగలు పట్టాయి, కిడ్నీ గొట్టాల లోపలి పొర రాలిపోయింది. అయితే నిజంగా జబ్బేనా? పాపం, ఆ గొడవే వాణ్ణి తీసుకుపోయిందా?

కుందేలు స్లైడు తీసి పెడుతూ లేబుల్ చూశాడు. నీలం ఇంకు.

"స్లైడు మీద ఎవడైనా పెన్నుతో రాస్తాడట్రా? రంగులేసేటప్పుడు స్పిరిట్‌లో ముంచితే అక్షరం మిగుల్తుందా? పెన్సిలు!" అని మొదటిరోజే వాయించాడు ముసలాయన. ఇంకు చెక్కుచెదరలేదంటే రంగులన్నీ వేశాక రాసిందే. పెన్సిలు చెరిపి ఎవరో పేర్లు మార్చారు.

'విషం ఇవ్వనివి' అని అదే ఇంకుతో రాసి ఉన్న ట్రే లాక్కుని చూశాడు. తెగిన పోగులు, నీరు, బుడగలు. అచ్చం స్నేహితుడివే.

పన్నెండుకి నిమిషం తక్కువ. వాచీ నొక్కాడు.

"గొడుగు మూసెయ్!"

వార్డులో ఊడ్చేవాడి వేషంలో ఉన్న ఇంకో ఏజెంట్‌కి అది కోడ్ వర్డ్. సూది చర్మాన్ని తాకబోయే క్షణంలో మాప్ కర్ర లేచింది. సిరంజి గోడకి తగిలి ముక్కలైంది.

ల్యాబ్ నుంచి మెట్లెక్కి రొప్పుతూ వచ్చినవాణ్ణి బేడీలు పడ్డ డాక్టర్ అడిగింది. "ఎక్కడ దొరికాను?"

"లేబుల్ దగ్గర. రంగులేసే పని ఎప్పుడూ ముసలాయన చేతే చేయించావు. ఒక్కసారి నువ్వు చేసుంటే ఇంకు నిలవదని తెలిసేది."

వాచీలో చీఫ్ గొంతు. "శభాష్. బయటికి మాత్రం గుండెపోటే. దుబాసీ భార్యకి కూడా చెప్పొద్దు."

మంచం మీంచి ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "అన్నయ్యా, ఆ పొద్దున 'మళ్లీ ఇంటికి రాకు' అన్నాను. ఆ మాటే ఆయన్ని చంపింది కదూ?"

"లేదమ్మా. వాడి గుండె నేను కళ్లారా చూశాను. వాణ్ణి చంపింది విషం. నీ మాట కాదు."

ఆమె దిండులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మూడు వారాల్లో అదే మొదటి ఏడుపు.

వాచీ మళ్లీ పలికింది. "చెప్పేశావా?"

"చెప్పాను సార్."

"నిన్ను సస్పెండ్ చెయ్యాలి."

"చెయ్యండి సార్. సెలవు అడిగితే ఎలాగూ ఇవ్వరు కదా."