ఆరున్నొక్కటి

ఇంటి పైకప్పు మూడు రోజుల పని అనుకున్నాడు ఏసుదానం. ఐదో రోజు సాయంత్రం కావస్తున్నా ఇంకా పైనే ఉన్నాడు. బోధన్ అవతల, చెరకు తోటల అంచున ఉన్న ఆ గూనపెంకుల ఇంటికి మేస్త్రీని పెట్టుకునే తాహతు అతనికి లేదు. కుళ్లిన వాసాలు తనే పీకి, కొత్తవి తనే కొట్టి, పగలని పాత పెంకులను కడిగి ఇంటి లోపల పేర్చుకున్నాడు.

పనిమంతుడే, కాని "రేపు" అనే మాట అతని నాలుక మీదే కాపురం ఉండేది. పోయిన వానాకాలం మంచంలో తడుస్తూ తల్లి బాలవ్వ "కొడుకా, కారుతున్నది" అన్న ప్రతిసారీ "రేపు జేస్త అవ్వా" అన్నాడు. ఆ నిమ్ముతోనే ఆమె పోయింది. ఆమెను పూడ్చేందుకు బొంద తవ్వింది కూడా అతనే.

ఇప్పుడు రేపు లేదు. కూతురు ఆశా నెలలు నిండని బిడ్డను కన్నది. నిజామాబాద్ ఆసుపత్రి నుంచి ఈ సాయంత్రమే తీసుకొస్తున్నారు. తడి తగిలితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ చెప్పిందని భార్య ఎస్తర్ ఫోన్లో వణికిపోయింది.

పడమట మబ్బు నల్లగా లేచింది. సగం కప్పు బోసిగా ఉంది. పెంకులు గంపకెత్తుకుని నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉంటే తెల్లారినా కాదు.

"ప్రభువా, ఎవలన్న జర చెయ్యేయున్రి!" అన్నాడు ఏడుపు గొంతుతో.

వాసాల సందులోంచి ఒక పెంకు పైకి వచ్చింది.

"లాభం," అంది లోపలి గొంతు.

పక్కింటి వసంతమ్మ అనుకున్నాడు. "సల్లగుండు చెల్లే," అంటూ అందుకుని పరిచాడు.

"రెండు... మూడు..."

పెంకులు ఆగకుండా వచ్చాయి. తడిమట్టి వాసన ముక్కుకు కొట్టింది. వాన వాసన అనుకున్నాడు.

"ఆరు... ఆరున్నొక్కటి..."

అతనికి నవ్వొచ్చింది. కల్లంలో వడ్లు కొలిచిన పాతకాలపు ఆడవాళ్ల లెక్క అది. ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపని ఆ మాటే నోట రానీయరు. తల్లి కూడా అట్లాగే ఎంచేది.

"ఏసన్నా, వానొస్తున్నది, దిగే!" గల్లీలోంచి కేక వినిపించింది. చూశాడు. బట్టలు తీసుకుంటూ వసంతమ్మ!

మరి లోపల ఎవరు? ఉన్నది ఒకటే నిచ్చెన. అది బయట, తన కాళ్ల కిందే ఉంది. నేల మీద నిలబడిన మనిషికి వాసాలు అందవు...

ఇంకో పెంకు వచ్చింది. ఈసారి చెయ్యి చూశాడు. గోళ్ల నిండా ఎర్రమట్టి. చెరకు కొడవలికి తెగిన సగం చిటికెన వేలు, తల్లిదే.

దూకి పారిపోవాలనిపించింది. అంతలో మెడ మీద ఒక చినుకు పడింది... బిడ్డ గుర్తొచ్చింది.

కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు.

చినుకులు చిక్కనయ్యాయి. చివరి వరుసకు గొంతు మళ్లీ లాభం నుంచి ఎంచింది. తల్లి మంచం ఉండిన చోటికి సరిగ్గా పైన ఒక్క బొక్క మిగిలింది.

"ఆరు," అంది గొంతు.

తర్వాత చెయ్యి రాలేదు. రోడ్డు మీద ఆటో చప్పుడు.

"అవ్వా... జల్దియ్యే..." గుసగుసగా బతిమాలాడు.

బొక్కలోంచి నీళ్లు ధారగా లోపల పడుతున్నాయి. ఆటో దగ్గరైంది.

"ఏడు! అవ్వా, ఏడు!" అని అరిచాడు. అరిచాక గాని ఏమన్నాడో తెలియలేదు.

పెంకు మెల్లగా పైకి వచ్చింది. పెట్టేశాడు. కప్పు నిండింది.

అప్పుడు లోపల ఏడుపు మొదలైంది. ముసలి ఏడుపు కాదు... సన్నగా, పసిబిడ్డ ఏడుపు.

జారుతూ పడుతూ నిచ్చెన దిగి ఆటో దగ్గరికి ఉరికాడు. ఎస్తర్ గుడ్డల్లో చుట్టిన బిడ్డను గుండెకు హత్తుకుని దిగింది. వెనక ఆశా.

"మెల్లగ మాట్లాడు," అంది ఎస్తర్. "పొద్దటి సంది ఒక్కతీర్గ ఏడ్సింది. గిప్పుడే, మలుపు కాడ ఊకున్నది."

అంతలో ఆమెకూ ఇంట్లోంచి ఆ ఏడుపు వినిపించింది. చేతుల్లో మూట కదలడం లేదు. గుడ్డ తీసి చూసే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు.

లోపల ఏడుపు కాస్త తగ్గింది. ఎవరో జోకొడుతున్నారు.

"ఊకో బిడ్డా, ఊకో... ఇగ కారదు."