గోడలో మిగిలిన గొట్టం

"అయ్యో... కాస్త మెల్లిగా పట్టుకోండి నాయనా! శవాన్ని కూడా ఇంతకంటే మర్యాదగా మోస్తారు!"

నేలమాళిగ మెట్ల మీద నిలబడి ఎమీలియా కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఇల్లు వెచ్చబెట్టే చమురు ట్యాంకును రెండు ముక్కలుగా కోసి పనివాళ్ళు ఈడ్చుకెళ్తున్నారు. పెళ్ళై ఈ ఇంట్లో కాలుపెట్టిన నాటి నుంచీ చలికాలమంతా తనను వెచ్చగా ఉంచినవి రెండే రెండు... ఆ ట్యాంకూ, భర్తా! భర్తను కిందటేడు మట్టిలో పెట్టారు. ఇప్పుడు ట్యాంకు వంతు!

చంకలో పసిబిడ్డతో పక్కనే నిలబడ్డ కోడలు గ్రాసాకు అత్తగారి మొహం చూడాలంటే భయంగా ఉంది. చమురు మాన్పించి గ్యాస్ పెట్టించాలన్న ఆలోచన భర్త దువార్తెది. కానీ అత్తగారి కళ్ళు చూస్తున్నది మాత్రం కోడలినే. ఈ ఫాల్ రివర్ ఊళ్ళోనే కాదు, ఎక్కడైనా అంతే కదా!

"గ్యాస్ దెయ్యంలాంటిదే గ్రాసా. కంటికి కనపడదు. ఈ ఇంట్లో ఏదో జరుగుతుంది చూడు... నా ఎడమకన్ను అదిరితే ఎప్పుడూ తప్పలేదు!"

"మీ కన్ను నా పెళ్ళిరోజున కూడా అదిరిందన్నారుగా అత్తయ్యా!"

"మరి? తప్పిందా?"

ఆ ఊరి పోర్చుగీసు ఇళ్ళన్నిటిలాగే వాళ్ళకూ వంటిళ్ళు రెండు. పైది చుట్టాలకు చూపించడానికి, కిందది వండుకోవడానికి. పై పొయ్యి మీద పరిచిన లేసు గుడ్డ గ్రాసా కాపురానికి వచ్చిన నాటిది, ఇంకా మరక పడలేదు. కాపురమంతా నేలమాళిగలోనే. ట్యాంకు పోయిన మూల ఖాళీ అయింది. దాని పక్కనే కొత్త గ్యాస్ బాయిలర్. ఇంటి మొత్తంలో వెచ్చనైన చోటు అదే! గ్రాసా అక్కడ బిడ్డ ఉయ్యాల వేసింది. ఆ మూలలో, ఉయ్యాలకు పైన, గోడలోంచి ఒక ఇనుప గొట్టం మొండిచెయ్యిలా పొడుచుకొచ్చి ఉంది. బయటినుంచి చమురు పోసే గొట్టం అది.

"దీన్ని పీకేసి సిమెంటు పెట్టాలి," అన్నాడు పనివాళ్ళలో ఒకతను. "ఇవాళే పీకేస్తాను."

"దాని మూతకి ఎర్రరంగు వేసింది మా ఆయన!" అంది ఎమీలియా. "అదీ వద్దా మీకు? అదీ..."

"ఉండనీ దువార్తె. గొట్టమేగా! తిండి అడుగుతుందా ఏమైనా?" అంది గ్రాసా, జాలిపడి.

"సరే, మంచు కరిగాక చూద్దాం," అన్నాడు దువార్తె.

ఇంట్లో ముగ్గురూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానించాల్సింది!

అసలు చిక్కు గొట్టంతో కాదు, ఒరాసియోతో. ఆయన దువార్తెకు జ్ఞానతండ్రి. ఎమీలియా భర్తతో ఒకే ఓడలో పోర్చుగీసు దీవుల నుంచి వచ్చినవాడు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు చమురు పోసేదీ ఆయనే. ఫోను చేయించుకోడు. చలిని బట్టి ఏ ఇంట్లో ఎంత అయిపోయి ఉంటుందో మనసులోనే లెక్కవేసుకుని, పిలవకుండానే ట్యాంకరు తెచ్చి వీధిలో నిలబెడతాడు. చమురు పడుతున్నంతసేపూ ట్యాంకు మీద చిన్న ఈల మోగుతుంది. ఈల ఆగిందంటే నిండిందన్నమాట. పాపం, కొన్నేళ్ళుగా ఆయనకా ఈల వినపడదు! ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఆయన్ని అడగలేదు. అందుకే లారీ వచ్చినప్పుడల్లా ఎమీలియా పై కిటికీ తెరిచి నిలబడేది. ఈల మోగుతున్నంతసేపూ చెయ్యి పైకెత్తి ఉంచేది. ఆగగానే దించేది. ఆయన ఆ చెయ్యినే చూస్తూ కట్టేసేవాడు.

అలాంటి మనిషికి "ఇక మీ చమురు మాకక్కర్లేదు" అని చెప్పేదెవరు?

"అమ్మ చెప్తే బాగుంటుంది," అన్నాడు దువార్తె రొట్టె నములుతూ.

"నీకు జ్ఞానస్నానంలో తల పట్టుకున్నది ఆయన. చెప్పాల్సింది నువ్వు! గ్యాస్ కావాలన్నప్పుడు ఉన్న నోరు ఇప్పుడేమైంది?"

"నాకా... రెండు షిఫ్టులు..."

చివరికి తల్లీకొడుకులు ఇద్దరూ గ్రాసా వైపు చూశారు. ఇష్టంలేని పనులన్నీ జారుకుంటూ వచ్చి చేరే పల్లం ఆ ఇంట్లో ఆమే మరి!

గ్రాసా తీపి రొట్టె కాల్చుకుని, బిడ్డనెత్తుకుని వెళ్ళింది. ఒరాసియో పెరట్లో ట్యాంకరు తుడుస్తున్నాడు. బిడ్డను చూడగానే గుడ్డ పారేసి, చేతులు చొక్కాకు తుడుచుకుని ఎత్తుకున్నాడు.

"నీకేం భయంలేదే తల్లీ! ఈ తాత ఉండగా నీ ఇంట్లో చలి అడుగుపెట్టదు!"

గ్రాసా నోరు తెరిచింది... మూసింది. "రొట్టె చల్లారిపోతుంది మామయ్యా" అని మాత్రం వచ్చింది.

ఇంటికి రాగానే అత్తగారు ఎదురొచ్చింది. "చెప్పావా?"

"...చెప్పాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు."

అందులో రెండో మాట నిజం.

జనవరి చివర చలి ఎముకలు కొరికింది. గ్రాసాకు నిద్ర పట్టడం మానేసింది. వీధిలో ఏ లారీ చప్పుడైనా ఉలిక్కిపడేది. రేపు చెప్పాలి... రేపు తప్పకుండా చెప్పాలి! గ్యాస్‌కు భయపడి అత్తగారు కిందికి దిగడమే మానేసింది. పై కిటికీ దగ్గర జపమాల తిప్పుతూ కూర్చునేది. గ్రాసా మాత్రం కింద వండి, పైకి మోసి, మళ్ళీ కిందికి పరుగెత్తేది.

ఆ మధ్యాహ్నం బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతోంది. ఆకుకూర సూపు గిన్నెతో గ్రాసా పైకొచ్చింది. కిటికీ తెరిచి ఉంది! గది నిండా మంచుగాలి!

"ఎవరొచ్చారో చూడవే! మనమీద కోపం లేదు ఆయనకి! చూడ్డానికొచ్చాడు!"

కింద మంచులో ట్యాంకరు... ఎర్ర మూత తీసేసి ఉంది. ఒరాసియో లారీ గొట్టం దానికి బిగించి పైకి చూస్తున్నాడు. ఎమీలియా చెయ్యి తనంతట తానే, ఏళ్ళ అలవాటుతో, పైకి లేచింది...

గ్రాసా చేతిలోని గిన్నె జారి పగిలింది.

"ఈల... ఈల రాలేదేం?" అంది ఎమీలియా. మరుక్షణం ఆమె మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. "ట్యాంకు లేదుగా! ఒరాసియో! వద్దు! ఆపు! ఆపవయ్యా!"

రెండు చేతులూ పైకెత్తి పిచ్చిదానిలా ఊపింది. ఆయనకు అరుపు వినపడలేదు. చేతులు కనపడ్డాయి. ఇవాళ వదినగారికి హుషారెక్కువైందనుకున్నాడేమో, నవ్వుతూ తనూ చెయ్యి ఊపాడు. చమురు పోతూనే ఉంది!

గ్రాసా మెట్ల వైపు పరుగెత్తింది. మెట్లపైనున్న ఎర్ర మీట దించి బాయిలరు ఆర్పింది. అంతే, ఆ తర్వాత ఎన్ని మెట్లు దూకిందో తెలీదు. మూలలో గోడలోంచి ఎర్రటి చమురు ధార పోటెత్తి పడుతోంది. నేల మునిగిపోయింది. ఊపిరాడని వాసన! ధార ఉయ్యాల అంచును తాకుతోంది... లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. గ్రాసా జారి, మోకాళ్ళమీద పడి, పాకుతూ వెళ్ళి ఉయ్యాలమీద వంగింది. ధార మొత్తం ఆమె వీపుమీద పడింది. బిడ్డను గుండెకు అదుముకుని లేవబోతే కాళ్ళు నిలవడం లేదు. "దేవుడా... నా అబద్ధానికి నన్ను చంపు! దీన్నొద్దు!"

పైన ఎమీలియా గొంతు పోయింది. ఊపుతున్న చేతులవైపు చూసుకుంది... అప్పుడు అర్థమైంది. ఈ చేతులు పైన ఉన్నంతసేపూ అది ఆగదు!

రెండు చేతులూ ఒక్కసారిగా కిందికి వదిలేసింది.

ధార ఆగిపోయింది.

కాసేపటికి ఇంటి ముందు మంచులో బిడ్డ ఎమీలియా శాలువాలో ఉంది. ఒంటిమీద చుక్క పడలేదు. నెత్తినుంచి కాళ్ళదాకా చమురోడుతూ వణుకుతున్న గ్రాసా పక్కన నేలమాళిగ తలుపు తెరిచి ఉంది. ఒరాసియో లోపలికి తొంగిచూశాడు. ట్యాంకు లేని మూలనీ, కొత్త బాయిలరునీ చాలాసేపు చూశాడు. బయటికొచ్చి టోపీ తీశాడు.

"నాకెవరూ చెప్పలేదే..."

"నేనే!" అంది ఎమీలియా వెంటనే, బొంగురు గొంతుతో. "కోడలు నన్నే చెప్పమంది. మర్చిపోయాను. ముసలిదాన్ని కదా..."

గ్రాసా తలెత్తి చూసింది. అనుమానించడానికే పుట్టినట్టుండే అత్తగారు... తనకోసం అబద్ధమాడుతోంది! అదీ మేరీమాత మెడలో పతకంగా ఉండగా!

"కాదు మామయ్యా! అత్తయ్య అబద్ధం చెప్తోంది. నేనే... చెప్తానని వచ్చి, చెప్పలేకపోయాను. ఆ రొట్టె రోజున..." మిగతాది ఏడుపులో కొట్టుకుపోయింది.

"వీధిలో గ్యాస్ వాళ్ళు తవ్వుతుంటే చూశానమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "వీళ్ళింటికి మాత్రం అయ్యుండదులే, నాతో అనకుండా చేస్తారా, అనుకున్నాను." బిడ్డ నుదుటిమీద వేలితో శిలువ గుర్తు వేశాడు. "ఈల రాలేదు కదూ? నాకు వినపడదని... మీ అందరికీ తెలుసన్నమాట."

ఎమీలియా శాలువాను బిడ్డ చుట్టూ ఇంకాస్త బిగించింది.

దువార్తె షిఫ్టు నుంచి వచ్చి, గొట్టం పీకి, రంధ్రంలో సిమెంటు పెట్టాడు. మంచు కరిగేదాకా ఆగలేదు. నేల ఎంత కడిగించినా వాసన మాత్రం పోలేదు. ఎమీలియా మళ్ళీ కింది వంటింట్లోకి దిగింది. "గ్యాస్ చంపుతుందనుకున్నాను గ్రాసా... మనమే చంపబోయాం," అంది. ఇంకెప్పుడూ ఎడమకన్ను ఊసెత్తలేదు.

ఒరాసియో ట్యాంకరు అమ్మేశాడు. ఇప్పుడు చలి బాగా బిగిసిన రోజుల్లో నడుచుకుంటూ ఆ వీధిన వస్తాడు. గోడలో బూడిదరంగు సిమెంటు అతుకు దగ్గర ఆగి, అలవాటు కొద్దీ తలెత్తుతాడు.

పైన కిటికీ తెరుచుకుంటుంది. ఎమీలియా చెయ్యి ఎత్తుతుంది. ఆయన మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా దాన్ని దించదు.