యాపిల్ ముక్కలూ పిన్ని చీటీ

“యాపిల్స్ కడిగావా?”

“కడిగా!”

“తుడిచావా?”

“తుడిచా అమ్మమ్మా!”

“మరి చేతులు?”

తూనీగ నాలుక కరుచుకుంది. ఆ సంగతే మర్చిపోయింది. ఒక్క గెంతులో సింకు దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, గౌనుకే తుడుచుకుంటూ వచ్చేసింది.

స్కూల్లో తనకు చక్కటి పేరే ఉంది. కానీ ఒకచోట రెండు నిమిషాలు నిలబడని పిల్లను ఇంట్లోవాళ్లు తూనీగ అనక ఇంకేమంటారు? తూనీగ ఐదో క్లాసు. తమ్ముడు బఠానీ రెండో క్లాసు. గుండ్రంగా, బుద్ధిగా, కూర్చోబెట్టిన చోటే కూర్చుంటాడు.

ఇవాళ మాత్రం ఇద్దరికీ కాళ్లు నేల మీద ఆనడం లేదు. వాళ్లమ్మ బస్సు డ్రైవరు. మూడు నెలలు ఒక సీనియర్ డ్రైవరు పక్కన ఉండి పని నేర్పాడు. ఇవాళే మొదటిసారి ఒక్కతే, బస్సు నిండా జనంతో, ఊరంతా తిరిగి రాబోతోంది. పొద్దున కంగారులో టిఫిన్ కూడా సగం వదిలేసి వెళ్లింది. ఆరు గంటలకు ఇంటికొస్తుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే వేడివేడిగా ఒక స్వీటు చేతిలో పెట్టాలని పిల్లల ప్లాను. అదీ వాళ్లు సొంతంగా చేసిన స్వీటు!

ఉపాయం చెప్పింది బేకరీలో పనిచేసే పిన్ని. యాపిల్ ముక్కలు, వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి. వేడి గాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్‌లో పెడితే పావుగంటలో స్వీటు రెడీ. ఎలా చేయాలో ఒక చీటీ మీద రాసి పంపింది కూడా.

“ముందే చెప్తున్నా,” అంది అమ్మమ్మ. “కత్తి పని నాది. ప్లగ్గు పెట్టడం, వేడి బుట్ట బయటికి లాగడం కూడా నావే. మిగతాదంతా మీది.”

“కలపడం నాది!” అని ఎగిరింది తూనీగ.

“చదవడం నాది! నేనే చదువుతా!” అని అరిచాడు బఠానీ. చీటీని రెండు చేతులతో గుండెలకు హత్తుకున్నాడు.

వాడికి ఈ మధ్యే చదవడం పట్టుబడింది. మామూలు అక్షరాలైతే బాగానే చదువుతాడు. ఒత్తు కనిపిస్తే మాత్రం ఆగిపోయి, దాన్ని పైనుంచి కిందికి పరీక్షగా చూసి గానీ ముందుకు కదలడు.

ఉన్న ఐదు యాపిల్స్‌లో మూడింటిని అమ్మమ్మ ముక్కలు కోసింది. ఎయిర్ ఫ్రయర్‌కు ప్లగ్గు పెట్టింది. తర్వాత కుర్చీలో కూర్చుని కంట్లో మందు చుక్కలు వేసుకుంది. చుక్కలు వేసుకుంటే ఐదు నిమిషాలు కళ్లు తెరవకూడదని డాక్టరు చెప్పాడు.

“నేను కళ్లు మూసుకున్నా చెవులు తెరిచే ఉంటాయి. చదవరా బఠానీ!”

బఠానీ గొంతు సవరించుకున్నాడు.

“యా... పి... ల్. యాపిల్! ము... ముక్... ముక్కల... ను... గి... న్... గిన్...”

“గిన్నెలో!” అంది తూనీగ.

“నేను చదువుతా కదా! గిన్నెలో... వే... యా... లి.”

తూనీగ ముక్కల్ని గిన్నెలో వేసేసింది. చేతులు ఊరికే ఉండనంటున్నాయి. గోడ గడియారం ఐదుంపావు చూపిస్తోంది. బఠానీ భుజం మీదుగా చీటీలోకి తొంగి చూసింది. పంచదార మూడు చెంచాలు, వెన్న ఒక చెంచా, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, నూట ఎనభై డిగ్రీలు, పన్నెండు నిమిషాలు. అంతేగా! ఇందులో ఏముంది?

“పం... చ... దా... ర...”

తూనీగ అప్పటికే పంచదార వేసి, వెన్న వేసి, గరిటెతో తిప్పేసింది. ముక్కలన్నీ బుట్టలో పోసింది. వాటి మీద దాల్చినచెక్క పొడిని ఒక చెంచా కాదు, మూడు చెంచాలు ధారాళంగా చల్లింది. అమ్మ కోసం కదా, పిసినారితనం ఎందుకు!

“అక్కా, ఆగు. ఇంకా ఉంది. ఇటువైపు కూడా...”

“నువ్వు కూడబలుక్కుని చదివేసరికి అమ్మ ఉద్యోగం నుంచి రిటైరైపోతుంది!”

నోరు జారింది. తూనీగకు అది భలే జోకు అనిపించింది. పకపకా నవ్వింది కూడా. బఠానీ నవ్వలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చీటీని నాలుగు మడతలు పెట్టి, మెల్లగా టేబుల్ కిందికి వెళ్లి కూర్చున్నాడు.

“చీటీ మొత్తం చదివారా?” అని అడిగింది అమ్మమ్మ, కళ్లు మూసుకునే.

“ఆఁ! చదివేశాం!” అంటూ తూనీగ బుట్టను లోపలికి తోసి, మీట తిప్పింది.

ఎయిర్ ఫ్రయర్ బుస్సుమంటూ మొదలైంది. తూనీగ దాని చుట్టూ గంతులేసింది. ఒక నిమిషం గడిచింది. రెండు. ఏదో మాడిన వాసన. ఘాటు ముక్కుకు తగిలి తూనీగ తుమ్మింది. అమ్మమ్మ తుమ్మింది. టేబుల్ కిందనుంచి కూడా ఒక తుమ్ము వినిపించింది. యంత్రం వెనకనుంచి సన్నగా పొగ!

అమ్మమ్మ కళ్లు తెరిచి, రెండంగల్లో వచ్చి ప్లగ్గు పీకేసింది. కిటికీ తీసింది. కాస్త చల్లారాక బుట్ట లాగి చూస్తే తూనీగ గుండె జారిపోయింది. లోపలున్న ఫ్యాను గాలికి పొడంతా ఎగిరి పైనున్న వేడి తీగలకు అంటుకుని మాడిపోయింది. ఆ మసి నల్లటి చుక్కలుగా ముక్కల మీద రాలింది. ఒక ముక్క కొరికి చూసింది. పైన చేదు, లోపల పచ్చి.

“పిన్ని తప్పు రాసిందేమో,” అంది తూనీగ, ఏడుపు గొంతుతో.

“పిన్ని అలా రాయదే. చీటీలో ఇంకా ఏముంది?”

తూనీగ చీటీ కోసం అటూ ఇటూ వెతికింది.

టేబుల్ కిందనుంచి ఒక చిన్న చెయ్యి బయటికొచ్చింది. అందులో మడత పెట్టిన చీటీ ఉంది.

“నువ్వే చదువుకో,” అన్నాడు బఠానీ. “నువ్వు ఫాస్టుగా చదువుతావుగా.”

తూనీగ చీటీ విప్పింది. రెండో వైపు తిప్పింది. నిజమే. ఇటువైపు కూడా నిండా రాసి ఉంది! వాడు అప్పుడు చెప్పబోయింది ఇదే. ఒక్క చూపులో అంతా చదివేయొచ్చు. తూనీగ చదవలేదు. సిగ్గుతో ముఖం వేడెక్కింది. టేబుల్ కిందికి దూరి తమ్ముడి పక్కన కూర్చుంది.

“బఠానీ, నేను అన్నది తప్పురా. సారీ. చదవడం నీ పని. నువ్వే చదివి పెట్టు.”

“నవ్వుతావు.”

“నవ్వను.”

“మధ్యలో అందిస్తావు.”

“అందించను. ఇదిగో, నోటికి తాళం.”

బఠానీ కాసేపు బెట్టు చేసి చీటీ అందుకున్నాడు. తూనీగ బయటికి పాకి వచ్చింది. “అమ్మమ్మా, ఇందాక చీటీ మొత్తం చదవలేదు. అబద్ధం చెప్పా,” అంది. అమ్మమ్మ దాని తల మీద చిన్న మొట్టికాయ వేసింది. యంత్రం పూర్తిగా చల్లారాక తీగలు తుడిచింది. మిగిలిన రెండు యాపిల్స్ కోసింది. ఇవీ పాడైతే ఇంక యాపిల్స్ లేవు. గడియారం ఐదున్నర దాటింది.

బఠానీ స్టూలెక్కి నిలబడి చదివాడు.

“పొ... డి... ని... పై... న... చ... చల్... లొ... ద్...”

తూనీగ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది. గడియారం వైపు చూడదలుచుకోలేదు. అయినా చూసింది.

“చల్లొద్దు! పొడిని పైన చల్లొద్దు! గా... లి... కి ఎ... గి... రి... పో... తుం... ది!” బఠానీ కళ్లు పెద్దవయ్యాయి. “అక్కా! అదే అయింది మనకి!”

“అవున్రా! అదే అయింది! తర్వాతేంటి?”

పొడిని కరిగిన వెన్నలో కలపాలట. ఆ ముద్దను ముక్కలన్నిటికీ పట్టించాలట. ఒక చెంచా అంటే ఒకటేనట. వాడు ఒక్కో మాట చదువుతుంటే తూనీగ ఒక్కో పని చేసింది. చిత్రంగా, ఈసారి గిన్నెలోంచి ఒక్క ముక్క కూడా కింద పడలేదు.

ఎయిర్ ఫ్రయర్ మళ్లీ బుస్సుమంది. ఐదు నిమిషాలకు ఇల్లంతా కమ్మటి వాసన! అమ్మమ్మ బుట్ట లాగి ఒకసారి కుదిపి, మళ్లీ పెట్టింది. ఇంకా ఏడు నిమిషాలుంది.

అప్పుడే తలుపు చప్పుడైంది. అమ్మ వచ్చేసింది, పది నిమిషాలు ముందే!

“అమ్మా! బస్సు ఎలా నడిచింది?” ఇద్దరూ ఒకేసారి మీద పడ్డారు.

“ఒక్క గీత పడలేదు!” అమ్మ ముఖం వెలిగిపోతోంది. “దిగుతూ ఒకాయన, బాగా నడిపావమ్మా అన్నాడు! అబ్బ, ఏంటీ వాసన? ఏం చేస్తున్నారు మీరు?”

తూనీగ నోట్లో మాటలన్నీ ఒకేసారి తోసుకుంటూ వచ్చాయి. యాపిల్స్, పొగ, తుమ్ములు, అన్నీ! నోరు తెరిచింది. పక్కన బఠానీ కూడా ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోతున్నాడు. తూనీగ తన నోరు మూసేసుకుంది.

“బఠానీ చదివి వినిపిస్తాడమ్మా. కూర్చో.”

అమ్మ చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. బఠానీ చీటీ మొదటి వైపు నుంచి మొదలుపెట్టాడు. గిన్నె దగ్గర ఆగాడు, దాటాడు. వెన్న దగ్గర ఆగాడు, దాటాడు. రెండో వైపు తిప్పాడు.

టింగ్!

ఎయిర్ ఫ్రయర్ ఆగింది. తూనీగ కాళ్లు వాటంతటవే లేవబోయాయి. వేళ్లతో కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది. అది చూసి అమ్మమ్మ కూడా లేవలేదు.

“తి... నే... ముం... దు... ఊ... దు... కో... వా... లి. లే... క... పో... తే... నా... లు... క... చు... చుర్...”

వాడు ఆగిపోయాడు. ఒత్తును పైనుంచి కిందికి చూశాడు. తూనీగ వైపు చూశాడు. ఆ మాట తూనీగ నాలుక చివరే ఉంది. పెదాలు గట్టిగా బిగించి, నువ్వే అన్నట్టు తలూపింది.

“చుర్... చుర్రు... చుర్రుమంటుంది!” అని బఠానీ ఎగిరి గంతేశాడు. “అయిపోయింది! మొత్తం నేనే చదివేశా!”

“మొత్తం నువ్వే చదివావురా!” అని అందరికంటే గట్టిగా అరిచి, అప్పుడు లేచింది తూనీగ.