ముప్ఫై డబ్బాల మీద కొసరు

యంత్రం ఆఖరి డబ్బా నింపి ఆగేసరికి సీతాలుకి నొప్పులు మొదలై ఆరు గంటలైంది. ఎదురుకాళ్ల కాన్పు. వాగు పొంగి రోడ్డు తెగిపోయింది. ఇక కొండ దిగడానికి మిగిలిన దారి ఆకాశమే.

సీతాలు తల్లి ముత్తమ్మ ఊళ్లో నూనె కొలిచే మనిషి. మూడేళ్ల కిందట ఇంజినీరు సుభాషిణి హెలికాప్టర్‌కి ఇంధనం చేసే ఈ యంత్రాన్ని తెచ్చినప్పుడు మొదట అడ్డుప్రశ్న వేసిందీ ఆమే.

"హెలికాప్టర్ పెట్రోలు తాగదా అమ్మా?"

"చిన్నవాటికి మోటారుసైకిల్ లాంటి ఇంజను ముత్తమ్మా. వాటికి నీలంరంగు పెట్రోలు కావాలి. మనకొచ్చేది టర్బైన్‌ది, గిర్రున తిరిగే పంకా అనుకో. దానికి శుభ్రమైన కిరోసిన్ చాలు. ఇందులోని సూక్ష్మజీవులు మీ ఇప్పనూనెని అలాంటి కిరోసిన్ చేస్తాయి."

"అయితే మా దీపంబుడ్డికి చుట్టమేనన్నమాట!"

పైలట్ లేని ఆ హెలికాప్టర్ కొండమీది పలచటి గాలిలో ఎక్కువ బరువు మొయ్యలేదు. అందుకే రావడానికి సరిపడా ఇంధనంతోనే వస్తుంది. తిరిగి వెళ్లడానికి ఇక్కడ పదిలీటర్ల డబ్బాలు ముప్ఫై పొయ్యాలి. అంతే.

సుభాషిణి, తోడు వెళ్లాల్సిన నర్సు ఎస్తేరు కలిసి సీతాలుని లోపల పడుకోబెడుతున్నారు. పోసే పని ముత్తమ్మది. నలభై ఏళ్లలో కొసరు వెయ్యకుండా ఒక్క సోలెడు నూనె కొలవని చెయ్యి అది. కన్నకూతురెక్కే బండికి కొలిచినంతే పోసి ఊరుకుంటుందా? డబ్బా డబ్బాకీ యంత్రం తొట్టిలో మిగిలినదాంట్లోంచి లీటరు చెంబుతో ముంచి రెండేసి చెంబులు ఒంపింది. "నా పిల్లని భద్రంగా తీసుకుపో నాయనా" అని దాని ఒళ్లు నిమిరింది.

తలుపు పడింది. హెలికాప్టర్ పలికింది: "బరువు ఎక్కువ. నలభై ఎనిమిది కిలోలు తగ్గించండి."

"ఎన్ని పోశావు ముత్తమ్మా?"

"ముప్ఫయ్యేనమ్మా. పైన కాస్త కొసరు."

సుభాషిణి లెక్క కట్టింది. లీటరు నీళ్లు కిలో తూగుతాయి; లీటరు కిరోసిన్ ఎనిమిదివందల గ్రాములు. అరవై లీటర్లకి నలభై ఎనిమిది కిలోలు. టాంకు అడుగునున్న కుళాయి, నీళ్లు కలిశాయేమో చూడ్డానికి గ్లాసుడు వదిలే పాటిది. దాంతో అరవై లీటర్లు తియ్యాలంటే గంట పడుతుంది. మబ్బు అప్పటికే కొండ భుజం మీదికొచ్చేసింది.

"నా బరువు నలభై తొమ్మిది" అంటూ ఎస్తేరు కిందికి దిగింది.

"నువ్వు దిగితే పిల్లనెవరు చూస్తారే?"

"నేను దిగకపోతే పిల్ల కదలదు పెద్దమ్మా."

హెలికాప్టర్ లేచింది. అద్దంలోంచి సీతాలు చెయ్యి ఒకసారి కనిపించింది. తర్వాత మబ్బు.

నలభై నిమిషాలకి యంత్రం స్పీకరు గరగరమంది. ముత్తమ్మ చెంబు పట్టుకునే నిలబడి ఉంది.

"హెలికాప్టర్ క్షేమంగా దిగింది. శిశువు దారిలో పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. రక్తస్రావం ఆపేవారు లేక తల్లి మరణించింది. ఇంధనం నాణ్యత చాలా బాగుంది. వాడకుండా మిగిలినది, అరవై లీటర్లు."