ఆఖరి మ్యాచ్‌కి మీరు రావొద్దు

"ఆ సీటు పెద్దాయనది," అన్నాడు అతను, ఆమె ఇంకా కూర్చోకముందే.

ఆమె చేతిలో టికెట్టు చూసుకుంది. సీటు వెనక నంబరు చూసింది. తర్వాత అతన్ని చూసింది.

"ఆ పెద్దాయన కూతుర్ని. కూర్చోవచ్చా, మీకో అర్జీ పెట్టుకోవాలా?"

అతను మోకాళ్ళు పక్కకు జరిపాడు. తొమ్మిదేళ్ళుగా ఆ సీట్లో ఒకే మనిషి కూర్చునేవాడు. బూడిదరంగు కోటు, మెడలో ఆకుపచ్చ మఫ్లరు. ఆ తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నవి పట్టుమని పాతిక మాటలుండవు. గోలు పడితే మాత్రం ఒకరి భుజం ఒకరు పట్టుకునేవారు. అంతకు మించిన స్నేహం అతనికి ఊళ్ళో ఇంకెవరితోనూ లేదు.

"ఆయనకేమైంది?"

"బీపీ. ఫుట్‌బాల్ మానేయమన్నాడు డాక్టరు. టీవీలో కూడా చూడకూడదట. నేను చూసొచ్చి నెమ్మదిగా చెప్పాలి."

"నెమ్మదిగా అంటే?"

"పోయిన శనివారం పైఊళ్ళో నాలుగు గోల్సు తిన్నారుగా. రోజుకొకటి చొప్పున బుధవారం దాకా చెప్పాను."

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తవకముందే మన గోలీ చేతుల కిందనుంచి బంతి జారి వలలో పడింది. ఆట మొదలై ఆరు నిమిషాలు.

"ఆదివారం కోటా," అంది ఆమె.

ఆ సీజన్ అలా మొదలైంది.

గోలీకి ఆమె 'జల్లెడ' అని పేరు పెట్టింది. సెంటర్ ఫార్వర్డుకి 'దానకర్ణుడు', బంతి కాలికి అందితే చాలు, ఎవరడిగినా ఇచ్చేస్తాడు. కుడివైపు పరిగెత్తే కుర్రాడు గీత గీసినట్టు నేరుగా పోయి బంతితో సహా గ్రౌండు బయట తేలేవాడు. కెప్టెనుకి ముప్పై ఎనిమిదేళ్ళు. రెండో సగంలో అతను నడుం మీద చేతులు వేసుకుని నిలబడితే, బస్సు తప్పిపోయిన మనిషిలా ఉండేవాడు. కోచ్‌ని సీజన్ మధ్యలో మార్చారు. కొత్తాయన ప్రతి ఓటమి తర్వాతా మైకు ముందుకొచ్చి "ప్రాసెస్‌ని నమ్మండి" అనేవాడు.

"రోగి పోయాక కూడా వైద్యం బాగా జరిగిందనే రకం," అన్నాడు వెనక వరసలో కూర్చునే బాబాయి. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఎవరికి బాబాయో ఎవరికీ తెలీదు. ఆ వరసలో అందరికీ బాబాయే.

అతను లిఫ్ట్ మెకానిక్. ఆమె పళ్ళ ల్యాబులో పనిచేస్తుంది, కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. ఈ సంగతులు ఒకరివొకరికి తెలియడానికి మూడు ఓటములు పట్టింది.

"మీరు లిఫ్టులు పైకి తెస్తారు కదా, మనవాళ్ళని కాస్త పట్టించుకోకూడదూ?"

"తాడు తెగితే నేనేం చేయలేనండీ. మీరే మన డిఫెన్స్‌కి నాలుగు పళ్ళు పెట్టండి. కరవడం మరిచిపోయారు."

ఆమె నవ్వేటప్పుడు తల కొంచెం పక్కకు వాల్చేది, ఆ నవ్వు మొదట తనకే వినపడాలన్నట్టు. ఓడిపోయిన ప్రతి శనివారం అతను ఇంటికి ఆ నవ్వు ఒక్కటే తీసుకెళ్ళేవాడు. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు. తన బాధంతా టీమ్ గురించేనని గట్టిగా నమ్మాడు. బాధకు ఒక పేరు దొరికితే మనిషి రెండో పేరు వెతకడు.

"ఒరేయ్, వాళ్ళు ఓడిపోతే నువ్వు తిండి మానేయడమేంట్రా?" అంది అక్క ఒకరోజు. అక్కా బావా ఉండే ఇంట్లోనే వెనక గది అతనిది. "మీ బావ ఉద్యోగం పోయిన రోజు కూడా రెండుసార్లు వడ్డించుకున్నారు."

"ఆ రోజు కూర బాగుంది," అన్నారు బావ పేపరు వెనకనుంచి.

"ఇంకో నాలుగు మ్యాచులున్నాయక్కా. పడిపోయేలా ఉన్నాం."

"పడిపోతే ఏమవుతుంది?"

"కింది డివిజన్‌కి పోతాం."

"అక్కడ ఫుట్‌బాల్ ఆడనివ్వరా?"

అతను పళ్ళెం ముందునుంచి లేచాడు. అక్క అడిగింది సరైన ప్రశ్నే. పోయేది ఏమిటి? ఇరవై రెండు మంది, ఒక బంతి. అయినా రాత్రి కళ్ళు మూస్తే పాయింట్ల పట్టికే. అందులో కిందినుంచి మూడో వరస. ఆ వరస తన పేరులాగే కనిపించేది.

లెక్క తెలిసింది మర్నాడు, ఒక ఆఫీసు బిల్డింగులో, నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య. లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి తాళ్ళు తనిఖీ చేస్తున్నాడు. ఆ చీకటి గొట్టంలో అతనికి ఆలోచన బాగా సాగేది. ఈ సీజన్ సొంత గ్రౌండులో గెలిచినవి రెండంటే రెండు. మొదటిది, ఆమెకి జ్వరమొచ్చిన శనివారం. రెండోది, ఎవరికో అర్జెంటుగా పళ్ళ సెట్టు కావాలని ఆమె ల్యాబులోనే ఉండిపోయిన శనివారం.

మిగతా అన్నిటికీ ఆమె వచ్చింది. ఒక్కటీ గెలవలేదు.

కాకి వాలడం, తాటిపండు పడడం. కాకతాళీయమని అతనికి తెలుసు. తాళ్ళ బరువు, మోటారు బలం, ప్రతిదానికీ కారణం చూసుకుని బతికే మనిషి అతను. కానీ చెట్టు కింద నిలబడి నెత్తి పట్టుకున్నవాడికి తర్కం అక్కర్లేదు, కాకి కావాలి.

మూడు వారాలు ఆ లెక్క మింగలేక కక్కలేక తిరిగాడు. ఆమె పక్కన కూర్చునే.

చివరికి మిగిలింది ఒక్క మ్యాచ్. గెలిస్తే ఉంటారు, లేకపోతే పోతారు. దానికి ముందు శనివారం మళ్ళీ ఓడిపోయి బయటికొచ్చేసరికి వాన పట్టుకుంది. ఆమె దగ్గర గొడుగుంది. అతని దగ్గర లేదు.

"రండి. సగం తడుద్దాం," అంది.

గొడుగు చిన్నది. వాన ఏటవాలుగా పడుతోంది. అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడుస్తున్నాయి. మధ్యలో ఇద్దరి మోచేతులూ తగిలి, విడిపోయి, మళ్ళీ తగులుతున్నాయి. ప్రహరీ వెంట వెళ్తుంటే ఆమె నడక తగ్గించింది. బస్టాపు దగ్గరపడకూడదన్నట్టు.

"వచ్చేవారం ఏమైనా సరే," అంది, "మ్యాచ్ అయ్యాక వెంటనే వెళ్ళిపోకండి. మీతో ఒక మాట చెప్పాలి."

అతని గుండె ఒక అంతస్తు జారింది. ఆ మాటేమిటో అతనికి అర్థమైంది. దానికి తన జవాబేమిటో కూడా అర్థమైంది. అలాంటి క్షణంలో మామూలు మనిషి నోరు మూసుకుంటాడు. అతను మూడు వారాలుగా మోస్తున్నది నోట్లోంచి జారిపోయింది.

"మీరేమీ అనుకోనంటే... ఆఖరి మ్యాచ్‌కి మీరు రావొద్దు."

ఆమె ఆగింది. "ఏమిటి?"

చెప్పాడు. జ్వరం, పళ్ళ సెట్టు, రెండు గెలుపులు. చెబుతుంటే తన గొంతు తనకే వేరేవాళ్ళదిలా వినిపించింది. ఆపలేకపోయాడు.

"అంటే నేను అపశకునమా?"

"అలా కాదండీ. నమ్మకమని కాదు. ఒకవేళ..."

"ఎప్పట్నుంచి అనుకుంటున్నారు ఇది?"

"మూడు వారాలనుంచి."

"నా జోకులకి నవ్వుతూనే."

అతను వాన వైపు చూశాడు.

"సరే. రాను," అంది. గొడుగు అతని చేతిలో పెట్టింది. "ఇది కూడా ఉంచండి. దీని మీద ఏ గోలు లెక్క ఉందో చూసుకోండి."

తడుస్తూ వెళ్ళిపోయింది. అతను మాత్రం గొడుగు కింద పొడిగా నిలబడ్డాడు. మొదట వచ్చినది ఊరట. మన అవకాశం కొంచెం పెరిగిందనే ఊరట. అది అతనికి గుర్తుండిపోయింది. ఆ తర్వాత ఎన్నాళ్ళు తలుచుకున్నా ఆ ఒక్క క్షణానికి తనను తాను క్షమించుకోలేకపోయాడు.

ఆఖరి మ్యాచ్‌కి స్టేడియం నిండిపోయింది, అతని పక్క సీటు తప్ప.

"అమ్మాయి రాలేదేం?" అన్నాడు బాబాయి.

"నేనే వద్దన్నాను. ఆమె వస్తే గెలవం."

బాబాయి కాసేపు నోట్లోనే లెక్క వేసుకున్నాడు. "నిజమేరోయ్. మంచి పని చేశావు."

ఇరవై రెండో నిమిషంలో దానకర్ణుడు జీవితంలో మొదటిసారి బంతి ఎవరికీ ఇవ్వకుండా గోలు కొట్టాడు. స్టాండు మొత్తం లేచింది. అతనూ లేచాడు. భుజం పట్టుకోవడానికి ఎడమచెయ్యి చాచాడు.

అక్కడ ఎవరూ లేరు. మడత పడిన కుర్చీ ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ జనం ఏడుస్తూ నవ్వుతున్నారు. తనకేమీ అనిపించడం లేదు. గెలుస్తున్నాం అని పెదాలతో అనుకుని చూశాడు. తర్వాత ఆలోచన వచ్చింది. గెలిస్తే లెక్క రుజువవుతుంది. అపశకునమా అని ఆమె అడిగిన ప్రశ్నకి స్కోరుబోర్డు అవునని చెబుతుంది. ఇక ఎప్పటికీ ఆమె ఈ మెట్లెక్కదు.

ఒకవేళ సమం అయితే...

ఆ కోరిక లోపలినుంచి ఎవరో చెవిలో చెప్పినట్టు వచ్చింది. భయపడి చుట్టూ చూశాడు. తొమ్మిదేళ్ళు పూర్తిగా తనదైన టీమ్. దాని మీదే ఇప్పుడు అవతలివాళ్ళు గోలు కొట్టాలని, అదీ ఆకుపచ్చ జెర్సీ వేసుకుని కూర్చుని, కోరుకుంటున్నాడు. మనసు మీద కాపలా ఉండదు. దొంగ ఇంటివాడే అయితే అసలే ఉండదు.

డెబ్భై ఒకటో నిమిషంలో ఒకటి పడింది. ఎనభై ఎనిమిదిలో ఇంకొకటి, జల్లెడ చేతులమధ్యనుంచే. ఆట ముగిసింది. కెప్టెను గడ్డిమీద కూలబడి జెర్సీలో మొహం దాచుకున్నాడు. అతనికీ ఏడుపొచ్చింది. నిజమైన ఏడుపే. కోరుకున్నది దొరికినవాడి ఏడుపు ఇంత చేదుగా ఉంటుందని అతనికి తెలీదు.

బాబాయి వెనకనుంచి అతని వీపు మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడెవర్ని రావద్దంటావు?"

సోమవారం మధ్యాహ్నం పని మధ్యలో సెలవు పెట్టి, ఆమె ల్యాబుకి వెళ్ళాడు. మూడో అంతస్తు. చిన్న గది, గోడ పొడుగునా అరల్లో ప్లాస్టరు దవడలు. ఆమె కిటికీ దగ్గర బల్లముందు కూర్చుని మైనపు చిగుళ్ళలో ఒక్కొక్క పన్నే అమరుస్తోంది. తలెత్తలేదు.

"ఆయాసపడుతున్నారు. లిఫ్టు పనిచేస్తోందిగా."

"మాటలు కూడబలుక్కోవడానికి మెట్లెక్కాను."

"కూడాయా?"

"రెండో అంతస్తు దాకా ఉన్నాయి. తర్వాత పోయాయి."

ఆమె నవ్వలేదు. పన్ను ఒకటి తీసి, వెలుతురుకి పెట్టి చూసి, మళ్ళీ గుచ్చింది.

"ఓడిపోయాం," అన్నాడు.

"రేడియోలో విన్నాను. ఇక్కడే కూర్చుని. నాన్నకి ఈసారి ఒకేసారి చెప్పేశాను, మొత్తం. నేను వెళ్ళలేదనీ, ఎందుకు వెళ్ళలేదో కూడా చెప్పాను."

"ఏమన్నారు?"

"మెడలో మఫ్లరు తీసి మడతపెట్టారు. తర్వాత, ఆ పక్క సీటు అబ్బాయి ఒక్కడే ఎలా తట్టుకున్నాడో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కూతురు ఎలా ఉందని అడగాలి కదా."

అతను స్టూలు మీద కూర్చోబోయి, ఎవరూ కూర్చోమనలేదని గుర్తొచ్చి, నిలబడిపోయాడు.

"ఆ లెక్క తప్పని తేలింది," అన్నాడు.

"తేలకపోతే?" ఆమె ఇప్పుడు తలెత్తింది. "మీ లెక్క నాకు చలికాలంలోనే తెలుసు. రెండో గెలుపు రోజే తెలుసు. పిచ్చిదని తెలిసినా, నేనూ ఆ స్టాండులో కూర్చునేదాన్నేగా, సగం నమ్మాను. ఆ తర్వాత ప్రతి శనివారం తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ ఆగేదాన్ని. వెళ్తే ఓడిపోతారేమో. నాన్న ముప్పై ఏళ్ళు ప్రాణం పెట్టుకున్న టీమ్. అయినా వచ్చాను. మునిగితే మునగనీ అనుకునే వచ్చాను. ఎందుకొచ్చానో మీకు తెలీదా?"

ఆమె డబ్బాలోంచి ఇంకో పన్ను తీసుకుంది.

"నేను మీకోసం టీమ్‌ని వదులుకున్నాను. మీరు టీమ్ కోసం నన్ను వదులుకున్నారు. గొడవంతా అదే. అపశకునం సంగతి కాదు."

గదిలో దవడలన్నీ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నట్టున్నాయి. అతను చెప్పదల్చుకోని మాట ఒక్కటే మిగిలింది. అదే చెప్పాడు.

"ఇరవై రెండో నిమిషంలో గోలు కొట్టాం. అప్పట్నుంచీ అవతలివాళ్ళు కొట్టాలని కోరుకున్నాను."

ఆమె చేతిలో పన్ను బల్లమీద పడి కిందికి దొర్లింది.

"కావాలనే?"

"అవును. గెలిస్తే మీరు ఇక రారని. సమం అయితే చాలనుకున్నాను. రెండోది నేనడగలేదు, అది జల్లెడ సొంతం."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. ఊరి జనం మొత్తం కన్నీళ్ళు పెట్టుకున్న గంటన్నరలో ఒక్క మనిషి తనకోసం చేసిన ద్రోహం అది. అంతకంటే పెద్ద కానుక ఆ ఊళ్ళో ఇంకెవరూ ఎవరికీ ఇవ్వలేరని ఆమెకి తెలుసు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు."

"అనకండి. బాబాయి స్టాండు మీదనుంచి తోసేస్తాడు."

కాలితో స్టూలు అతనివైపు నెట్టింది. అతను కూర్చున్నాడు. పడిపోయిన పన్ను ఇద్దరూ బల్లకింద వెతికారు. అతనికే దొరికింది. అరచేతిలో పెట్టి ఇచ్చాడు. ఆమె పన్ను తీసుకుంది, వేళ్ళు వెంటనే తీయలేదు.

"కింది డివిజన్ ఎలా ఉంటుంది?" అంది.

"ఘోరంగా. గ్రౌండంతా బురద. జనం రారు."

"మళ్ళీ పైకి రావడానికి?"

"అయిదేళ్ళు పట్టొచ్చు. పదేళ్ళు పట్టొచ్చు. కొన్ని టీములు అసలు రానే రావు."

"అన్నాళ్ళూ ప్రతి వారం ఓడిపోతుంటే నా పక్కన కూర్చుంటావా?"

మీరు నువ్వు అయిన సంగతి ఇద్దరూ గమనించారు.

"కూర్చుంటాను," అన్నాడు. తర్వాత, అతను అతనే కాబట్టి, కొత్త భయం ఒకటి పట్టుకుంది. "ఒకవేళ గెలవడం మొదలెడితే?"

"మనవాళ్ళా?" అంది ఆమె, మైనం వేడిచేయడానికి దీపం వెలిగిస్తూ. "ఆ భయం పెట్టుకోకు."