నొప్పి ఆమెది, జవాబు ఆయనది

యాకుత్‌పురా గుడిలో అర్చకుడైన వామన్‌రావు ఆ పొద్దున కూడా పూజకు బయలుదేరుతూ వంటింట్లోకి తొంగిచూశాడు.

"జల్దీ ఇయ్యి కోమలా, భక్తులొస్తుంటరు."

ఆయన భార్య కోమలవల్లి పొంగలి గిన్నె పట్టుకుని రెండడుగులు వేసిందో లేదో, గిన్నె జారి ధన్‌మని పడింది. పొంగలంతా గచ్చు మీద పరుచుకుంది.

"ధ్యాస యాడున్నది నీకు? దేవుని నైవేద్యం అది!"

"చేతుల్ల పట్టు లేదండీ. అన్నీ తిమ్మిర్లు."

"థైరాయిడ్ గోలీ వేసుకుంటున్నవు గదా. మొన్ననే డాక్టర్‌సాబ్ రిపోర్టు చూసి నార్మల్ అన్నడు. వయసుకు ఉంటదన్నడు, వాకింగ్ చెయ్యమన్నడు. ఇంకేంది?"

గచ్చు తుడవడానికి వచ్చిన కూతురు మాన్య తల్లి చెయ్యి చూసి ఆగిపోయింది. "అమ్మా, వేలంతా బొబ్బెక్కింది! కాలింది తెల్వలేదా?"

"తెల్వలేదు బిడ్డా."

వామన్‌రావు గొంతు తగ్గింది. మాన్య మాత్రం తగ్గలేదు. "వేరే డాక్టర్‌కు చూపిద్దాం నాన్నా."

"ఎట్ల పోతమే? ఆయన మన గుడికి వచ్చే మనిషి. మన దగ్గర ఫీజు గూడ తీసుకోడు. ఇంకో కాడికి పోతే మొహం ఎట్ల చూపిస్త?"

"మీ మొహమాటానికి నా చేతులు పోవాల్నా?" అంది కోమలవల్లి. "పోయినప్పుడల్లా ఆయన 'ఎట్లుందమ్మా' అంటడు. నేను నోరు తెరిచేలోపు మీరే 'బానే ఉంది సార్, కొంచెం నీరసం' అంటరు. ఒళ్ళు నాది, నొప్పి నాది. జవాబేమో మీది!"

వామన్‌రావు గచ్చు మీది గిన్నె తీసి పక్కన పెట్టాడు. నిజమే. పెద్ద మనిషి ముందు బాధలు ఏకరువు పెడితే బాగుండదని ప్రతిసారీ తనే జవాబు చెప్పి ఆమెను లేపుకొచ్చేవాడు.

సాయంత్రం ఆ డాక్టర్ క్లినిక్‌కే పోయారు. ఆయన తలెత్తకుండానే అడిగాడు, "ఎట్లుందమ్మా?"

వామన్‌రావు నోరు అలవాటుగా తెరుచుకుంది. ఆపుకున్నాడు. "ఆమెనే చెప్పనియ్యండి సార్."

కోమలవల్లి చెప్పింది. తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు.

"వయసుకు ఉంటయమ్మా. థైరాయిడ్ కంట్రోల్లనే ఉంది."

"వేలు కాలితే తెల్వకపోవుడు గూడ వయసేనా సార్?" ఆమె చెయ్యి బల్ల మీద పెట్టింది. "విటమిన్ల పరీక్షలు చేయించమంటుంది మా బిడ్డ, రాయండి. లేకుంటే పెద్ద డాక్టర్‌కు చీటీ రాసియ్యండి. ఏమనుకోకండి."

డాక్టర్ కలం ఆగింది. ఆమెను కళ్ళు మూసుకోమని వేళ్ళ మీద దూది తాకించాడు. ఎక్కడ తాకిందో ఆమె చెప్పలేకపోయింది.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేనే సందియ్యలేదు సార్," అన్నాడు వామన్‌రావు.

డాక్టర్ చీటీ ముందుకు లాక్కున్నాడు. "నేను గూడ ఆమెనే అడగాల్సుండె," అంటూ పరీక్షలు రాశాడు.

రిపోర్టులొచ్చిన రోజు ఆయన ఆమె వైపే తిరిగి మాట్లాడాడు. "బి12 మస్తు తక్కువుందమ్మా, డి గూడ. మాంసం ముట్టని ఇండ్లల్ల ఇది మామూలే, నేను ముందే చూడాల్సుండె. థైరాయిడ్ గోలీ అట్లనే వేసుకో. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. తిమ్మిర్లు మెల్లగ తగ్గుతయి, ఫికర్ చెయ్యకు."

బయటికొచ్చి ఆటో ఎక్కగానే కోమలవల్లి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పక్షవాతమేమోనని ఇన్నాళ్ళూ లోపల్లోపల భయపడిందట. ఆ మాటతో మొదలై అన్నీ బయటికొచ్చాయి. మెట్లు దిగుతుంటే దూది మీద నడిచినట్టుండేదట. పూజ మధ్యలో మంత్రం మరిచిపోయి గుడ్లనీళ్ళు కుక్కుకుందట. వామన్‌రావు ఒక్కసారి కూడా "ఏం కాదులే" అనలేదు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏందండీ, ఉలుకూ పలుకూ లేదు?"

"నువ్వు చెప్పు కోమలా, నేను వింటున్న," అని ముందుకు వంగి ఆటోవాలా భుజం తట్టాడు. "భాయ్, జర ఆహిస్తా చలో. మెల్లగ పోనియ్యి."